ఇంక్రిమెంట్ల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి

సంపాదక మహాశయులకు,

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో 22 ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేసి నిరుడు రిటైరయ్యాను. 2018లో నేను చేసిన ఒక తప్పు ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

మా దగ్గర ఇంక్రిమెంటు కాగితం మూసిన కవరులో ఇచ్చేవారు. ఎవరికీ చెప్పొద్దని ఒక్కొక్కరికీ విడిగా చెప్పేవారు. టీ వేళకల్లా అందరి లెక్కలూ బయటపడేవి. ఆ ఏడు మాకు 1,000 రూపాయలు పెరిగితే, మాత్రల్ని స్ట్రిప్పుల్లో ప్యాక్ చేసే బ్లిస్టర్ మెషీన్ నడిపే కాంట్రాక్టు కుర్రాడికి 1,500 పెరిగింది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఐటీఐ పిల్లవాడు. 'నిన్నగాక మొన్న వచ్చినోడికి మనకంటే ఎక్కువా' అని సెక్షనంతా కుతకుతలాడింది. పెరిగాక కూడా వాడి జీతం మాదాంట్లో సగం లేదన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

వాడితో కలిసి అన్నం తినడం మానేశాం. పని చెప్పడమూ మానేశాం. ఒక నైట్ షిఫ్టులో మాత్ర సైజు మారి మెషీన్‌లో డైలు (అచ్చులు) మార్చాల్సి వచ్చింది. కొత్త ఫాయిల్‌కి సీలింగ్ టెంపరేచర్ కాస్త పెంచాలని నాకు తెలుసు. 'కాకా, జర వచ్చి చూడరాదు' అని అడిగాడు. '1,500 ఇచ్చినోళ్లనే అడుగు' అన్నాను. లీక్ టెస్టుకి నీలిరంగు నీళ్లలో పెట్టిన స్ట్రిప్పుల్లోకి రంగు దిగింది. అప్పటిదాకా కొట్టినవన్నీ విప్పి మాత్రలు వేరుచేయాల్సి వచ్చింది. ఆ నెల ప్రొడక్షన్ ఇన్సెంటివ్ మా సెక్షన్‌లో ఎవరికీ రాలేదు. కుర్రాడికి మెమో ఇచ్చారు. రెండు వారాల్లో మానేసి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు జీతాల ఒప్పందం సమయంలో కాంట్రాక్టు వాళ్లెవరూ మాతో గేటు దగ్గర నిలబడలేదు. ఏ ముఖంతో పిలుస్తాం? మేనేజ్‌మెంటు వాళ్లతోనే లైన్లు నడిపించుకుంది, అడిగినదాంట్లో సగానికే మేం సంతకాలు పెట్టాం.

ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనమైనా ఇవ్వాలని 2016 అక్టోబరులో పంజాబ్ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ప్రభుత్వ ఉద్యోగాల సంగతి. అక్కడ పీఆర్‌సీ (జీతాల సవరణ) జీవో చూస్తే ఎవరి స్కేలు ఎంతో తెలిసిపోతుంది, పక్కవాడి కవరులో ఏముందోనన్న టెన్షన్ ఉండదు. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో కూడా ఏ గ్రేడుకి ఎంత, ఇంక్రిమెంటు ఏ లెక్కన ఇచ్చారో నోటీసు బోర్డు మీద పెట్టేలా కార్మిక శాఖ చూడాలి. ఆ కుర్రాడికి 1,500 ఎందుకిచ్చారో మాకు ఎవరైనా చెప్పి ఉంటే, వాడి మెషీన్‌లో వేస్టేజీ అందరికంటే తక్కువని మేమే ఒప్పుకునేవాళ్లం.

కాంట్రాక్టు వాళ్ల జీతం సంగతి డిమాండ్ల కాగితంలో మొదటి లైనులోనే రాయమని మా పాత యూనియన్ వాళ్లని పోయిన నెల వెళ్లి అడిగాను. వచ్చే ఒప్పందానికి రాస్తామన్నారు.

- ఒక రిటైర్డ్ ఫిట్టర్, జీడిమెట్ల, హైదరాబాద్