మా భూమికి మాకు దారి ఇప్పించండి

అమెరికా కేంద్ర ప్రభుత్వ భూముల బాధ్యత చూసే మంత్రి గారికి,

నమస్కారం. మోంటానా నుంచి రాస్తున్నాను. 2020 నుంచి ఇప్పటిదాకా మీ కింద పనిచేసే ఒక స్థానిక కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు పెట్టాను. మొదటిదానికి అందిందని ఒక ముక్క వచ్చింది. మిగతా మూడింటికి అదీ లేదు. అవన్నీ ఇంగ్లీషులో రాసినవి. ఈ ఐదోది నా భాషలో రాస్తున్నాను. నాలాగే ఇక్కడ స్థిరపడి, వేట లైసెన్సు తీసుకుని, తాళం వేసిన గేటు దగ్గరి నుంచి వెనక్కి వచ్చిన తెలుగువాళ్లు కొందరున్నారు. ముందు వాళ్లకైనా నా గోడు తెలుస్తుంది. మీకు అనువాదం జతచేసి పంపుతున్నాను.

మాది వ్యవసాయ కుటుంబం. మా ఊళ్లో పొలం బేరానికి వచ్చినవాళ్లు ధర కన్నా ముందు దారి సంగతి అడుగుతారు. కాలిబాట ఉందా, బండి వెళ్తుందా, పుంత ఎంత దూరం అని. దారి లేని పొలం ఉన్నా లేనట్టే లెక్క. అలాంటి పొలాలు ఈ దేశ ప్రభుత్వానికి ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. వేటగాళ్లు, జాలరుల తరఫున పనిచేసే థియోడర్ రూజ్‌వెల్ట్ కన్జర్వేషన్ పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థ, ఫోను పటాలు చేసే ఆన్‌ఎక్స్ కంపెనీ కలిసి 2018లో లెక్క తేల్చాయి. పశ్చిమాన 13 రాష్ట్రాల్లో 95 లక్షల 20 వేల ఎకరాల కేంద్ర ప్రభుత్వ భూమికి జనం వెళ్లడానికి చట్టబద్ధమైన దారి లేదు. చుట్టూ ప్రైవేటు భూమి, మధ్యలో ప్రజల భూమి.

నేను అడుగుతున్నది అందులో ఒక్క సెక్షన్ గురించి. అంటే మైలు పొడవు, మైలు వెడల్పున్న చదరం, 640 ఎకరాలు. ఒక వాగు, దాని వెంట కాటన్‌వుడ్ చెట్లు, పైన గడ్డి కొండ. తెల్లవారుజామున మ్యూల్ డీర్ జింకలు ఆ కొండ మీది నుంచి వాగులోకి దిగుతాయి. ఇరవై ఏళ్ల క్రితం నేను ఈ రాష్ట్రానికి వచ్చినప్పుడు అక్కడికి ఒక మట్టి రోడ్డు ఉండేది. మైలు దూరం ప్రైవేటు భూమిలోంచి వెళ్లేది. అప్పటి యజమాని ఇంటి ముందు ఆగి చేయి ఊపితే చాలు, వెళ్లమనేవాడు. నా మొదటి జింకను అక్కడే కొట్టాను. ఆ చలికాలమంతా మా ఇంట్లో ఆ మాంసమే కూర.

దారిలో ఉన్న ఆ ప్రైవేటు పొలం చేతులు మారింది. మరుసటి సీజనుకు వెళ్తే ఇనుప గేటు, గొలుసు, పెద్ద తాళం. పక్క గుంజకు నారింజ రంగు. మోంటానాలో ఆ రంగు అర్థం చిన్నపిల్లలకు కూడా తెలుసు, లోపలికి రాకూడదని. ఫోనులో పటం తెరిచాను. నేను నిలబడ్డ చోటు నీలం చుక్క. దానికి మైలు దూరంలో పసుపు రంగులో నలుచదరంగా ప్రభుత్వ భూమి. బండిలో గంటసేపు కూర్చుని ఇంటికి వచ్చేశాను.

రెండో దారి ఉంది కదా అని మీ అధికారులు అనవచ్చు. ఉంది, అది మూల. 1864లో రైలు కంపెనీకి ఒక సెక్షన్ విడిచి ఒక సెక్షన్ ఇవ్వడంతో ఇక్కడి భూమి చదరంగం బల్లలా తయారైంది. అవతలి వైపు నుంచి వస్తే రోడ్డు పక్కనే ఇంకొక ప్రభుత్వ సెక్షన్ తగులుతుంది. దాని మీదుగా నేరుగా మూల దాకా నడవవచ్చు. అక్కడ నేలలో పాతిన గొట్టం మీద అరచేయంత ఇత్తడి బిళ్ల, దాని మీద సెక్షన్ల అంకెలు. ఆ బిళ్లకు ఇవతల నా కాళ్లు, అవతల ఏటవాలుగా నేను వెళ్లాలనుకునే భూమి. రెండూ ప్రజలవే. మిగతా రెండు పక్కలా ప్రైవేటు సెక్షన్లు. మధ్య దూరం ఒక్క అడుగు. ఆ అడుగు వేస్తున్నప్పుడు నా భుజం పక్కవాళ్ల గాలిలోంచి వెళ్తుంది కనుక అది అతిక్రమణ అంటారు.

వయోమింగ్‌లో ఎల్క్ మౌంటెన్ దగ్గర మిస్సోరి వేటగాళ్లు నలుగురు 2021లో నిచ్చెన వేసుకుని ఇలాంటి మూలే దాటారు. క్రిమినల్ కేసులో జ్యూరీ వాళ్లను నిర్దోషులంది. భూయజమాని లక్షల డాలర్లకు వేసిన దావా కూడా నిలవలేదు. 2025 మార్చిలో, వయోమింగ్ ఏ కోర్టు కిందికి వస్తుందో ఆ పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ప్రజల భూమికి దారి మూసే కంచెలు వద్దన్న 1885 నాటి చట్టాన్ని ఆధారం చేసుకుని వేటగాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు భూయజమాని అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ మోంటానా వేరే అప్పీలు కోర్టు, తొమ్మిదో సర్క్యూట్ కిందికి వస్తుంది, కనుక ఆ తీర్పు ఇక్కడ కట్టుబడి తీరాల్సింది కాదు. ఇక్కడ మూల దాటడం ఇప్పటికీ చట్టవిరుద్ధమేనని రాష్ట్ర అధికారులు అంటున్నారు. రాష్ట్ర సరిహద్దుకు అటు హక్కు, ఇటు నేరం. అటూ ఇటూ ఉన్న భూమి మాత్రం ఒకే ప్రభుత్వానిది. జీతం మీద బతికే మనిషి ఈ సంగతి తేల్చుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగగలడా?

కోర్టులతో పని లేకుండా తేల్చే మార్గం మీ చేతిలోనే ఉంది. 2019లో వచ్చిన డింగెల్ చట్టం, 640 ఎకరాలకు తగ్గకుండా ఉండి దారి లేని భూములను జనం సూచించవచ్చని, రెండేళ్లకోసారి వాటి జాబితా తయారు చేయాలని చెప్పింది. నేను సూచించాను. సెక్షన్ నంబరు రాశాను, పటం మీద పెన్సిలుతో పాత రోడ్డు గీశాను, గేటు ఫొటో పెట్టాను. ప్రజల కోసం భూములు, దారులు కొనడానికి వాడే ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ అనే కేంద్ర నిధికి 2020 చట్టంతో ఏటా 90 కోట్ల డాలర్లు ఖాయమయ్యాయి. అందులో కనీసం మూడు శాతం, అంటే 2 కోట్ల 70 లక్షల డాలర్లు, ఇలాంటి దారుల కోసమే వాడాలని చట్టంలోనే ఉంది. దారి హక్కు ఊరికే రాదని, కావాలంటే పరిహారం చెల్లించి తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉందని 1979లో లియో షీప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం, డబ్బు, అధికారం మూడూ ఉన్నాయి. ఆ గేటు వేసిన పొలం యజమానితో ఒక్కసారి మాట్లాడడానికి మాత్రం మనిషి రాలేదు.

దారుల వివరాలన్నీ నాలుగేళ్లలో కంప్యూటర్ పటాల్లోకి ఎక్కించాలని 2022లో ఇంకో చట్టం తెచ్చారు. మంచిదే. కానీ లేని దారిని పటం ఎలా చూపిస్తుంది?

నేను కొనే ప్రతి తూటా పెట్టె మీద 11 శాతం కేంద్ర పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తుంది. 1937 నుంచి వేటగాళ్లు కడుతున్నదే. దానికి నాకు బాధ లేదు, సంతోషంగా కడతాను. ఆ జింకలు మేసే గడ్డి మీద కాలు పెట్టే వీలు లేకపోవడమే బాధ. చుట్టూ పొలం ఉన్నవాళ్లు మాత్రం తమ గేటు తీసుకుని లోపలికి వెళ్తారు. కొన్నిచోట్ల వేలకు వేల డాలర్లు తీసుకుని, బయటివాళ్లను వెంటబెట్టుకుని మరీ వేటాడిస్తారు. ప్రజల భూమి పక్కింటివాళ్ల పెరడైపోయింది, మంత్రి గారూ.

నేను యజమానుల మీద పోరాటానికి రాలేదు. వాళ్ల భూమి వాళ్లది. గేట్లు తెరిచి వదిలేసేవాళ్లు, కంచెలు తెంపేవాళ్లు మాలోనూ ఉన్నారు, వాళ్ల మీద యజమానులకున్న కోపం నాకు తెలుసు. మైలు పొడవున నడక దారి చాలు. బండి వద్దు, గుడారం వద్దు. సీజను ఐదు వారాలు తెరిచి మిగతా ఏడాది మూసుకున్నా ఒప్పుకుంటాం. న్యాయమైన ధర ఇచ్చి ఆ దారి తీసుకోండి. తీసుకోలేకపోతే ఎందుకు కుదరదో కాగితం మీద రాసి పంపండి. ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాడికి కాదన్న జవాబు కూడా జవాబే.

మా అమ్మాయికి పన్నెండేళ్లు నిండాయి. వేట శిక్షణ పరీక్ష నిరుడు పాసైంది. నా మొదటి జింక కథ పుట్టినప్పటి నుంచి వింటోంది. ఆ చోటు చూపించమంటే గేటు దాకా తీసుకువెళ్లాను. గొలుసు పట్టుకుని చాలాసేపు కొండవైపు చూసి, "అది మనదేనని అన్నావు కదా నాన్నా?" అంది. ఏం చెప్పాలో తెలియక బండి ఎక్కమన్నాను.

అక్టోబరు చివర్లో సీజను మొదలవుతుంది. ఆ లోపు మీ మనిషి ఒకరిని ఆ గేటు దగ్గరికి పంపండి. ఏ రోజన్నా సరే, ఏ వేళన్నా సరే, సెలవు పెట్టి నేనూ వస్తాను. పాత రోడ్డు ఎక్కడ మలుపు తిరిగేదో దగ్గరుండి చూపిస్తాను.

భవదీయుడు,
మోంటానాలో ఒక తెలుగు వేటగాడు