టన్నులు సరే, వేట గంటలేవీ?

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో సముద్రపు చేపల దిగుబడి పెరిగిందంటూ పెద్ద వార్త, పక్కనే శాలువాలతో అధికారుల ఫొటో వేశారు. సంతోషం. ఆ టన్నుల కోసం ఎన్ని బోట్లు ఎన్ని గంటలు వల లాగాయో ఒక్క ముక్క లేదు. నిరుడు పది గంటలు లాగిన వలను ఈ ఏడాది ఇరవై గంటలు లాగితే టన్నులు పెరగక ఏమవుతాయండీ?

దక్షిణాఫ్రికాలో హేక్ అనే చేప ఉంది. 1960లలో దాని మీదికి విదేశీ ట్రాలర్లు (పెద్ద వలలు లాగే ఓడలు) ఎగబడ్డాయి. 1970ల మొదట్లో దిగుబడి ఏడాదికి దాదాపు 3 లక్షల టన్నులకు చేరింది. చప్పట్లు కొట్టాల్సిన అంకే! తీరా చూస్తే గంట వేటకు పడే చేప ఏటేటా తగ్గుతూ వస్తోంది. బోట్ల వేట గంటలు రాసిపెట్టారు కాబట్టే ఆ సంగతి బయటపడింది. 1977లో ఒడ్డు నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా సముద్రంలో వేట తమదేనని ప్రకటించి, పరాయి బోట్లను చాలావరకు సాగనంపి, ఎంత పట్టాలన్న కోటాలు బిగించాక చేప మెల్లగా కోలుకుంది. పెద్ద ఇంజన్లు, నీటిలో చేపల జాడ పట్టే ఎకో సౌండర్లు వచ్చాక పాత గంటా కొత్త గంటా ఒకటి కాదు కదా, శాస్త్రవేత్తలు ఆ తేడానూ లెక్కకట్టారు.

మన ఒడిశాలోని గంజాం ఒడ్డున గంటల లెక్క ఎవరికి కావాలి? సర్వేకి వచ్చినవాళ్లు పడవలు లెక్కపెట్టి, టీ తాగి పోతారు. గోపాలపూర్‌లో తెల్లవారుజామున ఒడ్డుకొచ్చిన ఫైబర్ పడవలోకి తొంగిచూడండి. అడుగున రెండు గంపల కవళ్ల చేపలు, పక్కన ఖాళీ ఆయిలు డబ్బా. కోనాం, చందువ లాంటి ఖరీదైన చేపలు కావాలంటే ఇంకా లోపలికి పోవాలి. ఆ ఆయిలు ఏ రిజిస్టరుకూ ఎక్కదు.

ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదని రూలుంది. రాత్రిళ్లు అవి వచ్చి మావాళ్ల వలలు తెంపుకుపోతుంటే ఆ రూలు ఎక్కడ నిద్రపోతోందో! ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం, రుషికుల్య నది దగ్గర తాబేళ్ల కోసం నవంబరు నుంచి మే దాకా ఆంక్షలు. వద్దనడం లేదు. కానీ నోటీసులన్నీ ఒడియాలో, ఇంగ్లీషులో. మా పేటలో పెద్దవాళ్లు చదవగలిగేది తెలుగే, అదీ కూడబలుక్కుని. ఫైను రాసేటప్పుడు మాత్రం భాష అడ్డురాదు.

ఈసారి ప్రెస్‌నోటు వస్తే, అచ్చేసే ముందు మీ విలేకరి చేత ఒక్క ప్రశ్న అడిగించండి: ఎన్ని బోట్లు, ఎన్ని గంటలు?

– ఒక పాఠకుడు,
గోపాలపూర్, గంజాం జిల్లా