పెండ్లిమర్రి దాటని రైలు: ఒక బహిరంగ లేఖ

కొత్త రైలు మార్గాల పనులు పర్యవేక్షించే ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. పంపిన వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి, నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

కడప–బెంగళూరు రైలు మార్గం 2008-09లో మంజూరైంది. దాదాపు 255 కిలోమీటర్లు. పట్టాలు పడింది మాత్రం పెండ్లిమర్రి దాకా, అంటే ఇరవై కిలోమీటర్ల చిల్లర. ఖర్చులో సగం రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. వాటా ఎవరు ఆపారన్న వాదన మీ ఫైళ్లలో ఎలాగైనా సాగనీయండి, మాకు కావలసింది రైలు.

ఈ మార్గంలోనే రావలసిన రాయచోటికి నేటికీ రైలు లేదు. కువైట్ వెళ్లేవాళ్లు సూట్‌కేసులకు తాళ్లు బిగించి బస్సే ఎక్కాలి. బెంగళూరు ఆసుపత్రులకు పోయే రోగులదీ అదే దారి. కడప నుంచి బయల్దేరితే గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో కీమో చేయించుకున్న మనిషి కడుపు పట్టుకుని కూర్చోవాలి. అక్కడి పాలకోవా ఎంత కమ్మగా ఉన్నా ఆ స్థితిలో ఎవరికి సయిస్తుంది? ఇక రైలు కోసం గుర్తించిన చేలకు బేరం రాదు, బ్యాంకు అప్పు పుట్టదు.

అయ్యా, పెండ్లిమర్రి–రాయచోటి పనులు ఎప్పుడు మొదలవుతాయో, భూసేకరణ ఎంతవరకు వచ్చిందో, ఎవరి వాటా ఎంత బాకీ ఉందో నెలలోగా రాతపూర్వకంగా ప్రకటించండి. మార్గం మార్చే ఆలోచన ఉంటే అదీ దాచకుండా చెప్పండి.

ఇట్లు,
కడప వాసి