మందు పనిచేయట్లేదన్నావు కదా, అమ్ములూ

అమలాపురం

చిరంజీవి అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

"డిప్రెషన్‌కి టాబ్లెట్ వేసుకుంటున్నా మళ్లీ మునుపటిలాగే అయిపోతోంది నాన్నా, ఇంక దేనికి వేసుకోవడం?" అన్నావు. మన మందుల షాపులో జనం ఉన్నారని అప్పుడు రెండు ముక్కల్లో చెప్పాను. ఇప్పుడు వివరంగా రాస్తున్నాను, దగ్గర పెట్టుకో.

ముందు ఒకటి. డాక్టరు చెప్పేదాకా మాత్ర మానకు. పని చేయట్లేదనిపించినా సరే. నువ్వు వేసుకునే ఎస్సిటలోప్రామ్ లాంటివి ఒక్కసారిగా ఆపేస్తే తల తిరుగుతుంది, వికారం పెడుతుంది, నిద్ర పట్టదు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమంటుంది. "ఆయ్, బాగానే ఉందండి, ఇంకెందుకండి" అని ఆపేసి, వారం తిరక్కుండా వెనక్కొచ్చేవాళ్లను మన కౌంటర్ దగ్గర చూస్తూనే ఉంటాను. అసలు జబ్బు తిరగబెట్టిందో, మందు ఆపినందుకు వచ్చిన ఇబ్బందో అప్పుడు డాక్టరుకి కూడా తేల్చడం కష్టమవుతుంది. ఆపాల్సి వస్తే మెల్లమెల్లగా తగ్గిస్తారు. అలాగని నీ అంతట నువ్వు రెండు మాత్రలు వేసుకోవద్దు కూడా.

బాగా పనిచేసిన మందు కొన్నాళ్లకు పట్టు తప్పడం చాలామందికి జరుగుతుంది. అందులో నీ తప్పేమీ లేదు తల్లీ. నీ మనసు గట్టిది కాదనీ కాదు. శివారు పొలానికి నీరు అందకపోతే కాలువే ఎండిపోయిందని ఎవరూ అనుకోరు కదా. లాకు దగ్గర్నుంచి తూము దాకా ఎక్కడ ఆగిందో చూసుకుంటూ వస్తారు. ఇక్కడా అంతే.

మధ్యలో మాత్రలు తప్పిపోతున్నాయేమో చూడు. నైట్ షిఫ్టులు మొదలయ్యాక తప్పడం మామూలే. థైరాయిడ్ పరీక్ష చేయించు, రక్తం, బి12 కూడా. థైరాయిడ్ తగ్గితే వచ్చే నీరసం, దిగులు అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి, దానికి ఈ మాత్ర ఏం చేస్తుంది? కొత్తగా వేరే మందులు ఏవైనా మొదలుపెట్టావా? నొప్పికి ట్రమడాల్ లాంటిది నీ మాత్రతో కలిస్తే ప్రమాదం. ఎవరో ఇచ్చిన మూలికల మందైనా సరే డాక్టరుకి చెప్పు. ఫ్రెండ్స్‌తో పార్టీలకు వెళ్లి తాగుతూ ఉంటే అదీ చెప్పు. నాకు చెప్పకపోయినా పర్వాలేదు, డాక్టరు దగ్గర దాచొద్దు. ఇంకోటి. ఎప్పుడైనా నాలుగైదు రోజులపాటు నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, మాట ఆగకుండా, ఖర్చుకి వెనకాడకుండా గడిపావా? అలాంటి రోజులు ఉంటే తప్పక చెప్పాలి. అప్పుడు జబ్బు పేరే వేరు కావచ్చు, మందూ వేరే కావాలి.

నువ్వన్న ఇంకో మాట నాకు ఇంకా చెవిలో ఉంది. పిన్ని కూతురి సీమంతంలో అందరూ నవ్వుతుంటే నీకేమీ అనిపించలేదన్నావు. ఏడుద్దామన్నా ఏడుపు రావట్లేదన్నావు. జబ్బు తిరగబెట్టినా అలా ఉంటుంది. ఈ రకం మందుల వల్ల కూడా కొందరికి సంతోషం, దుఃఖం రెండూ మొద్దుబారిపోతాయి. జబ్బు వల్ల అయితే మోతాదు పెంచాల్సి రావచ్చు. మందు వల్ల అయితే తగ్గించాల్సో మార్చాల్సో రావచ్చు. రెండూ ఎదురెదురు దారులు. అందుకే "బాగోలేదు డాక్టర్" అని ఊరుకోకు. సీమంతం సంగతి నాకు చెప్పినట్టే ఆయనకూ చెప్పు. అక్కడికి వెళ్లగానే సగం మర్చిపోతాం కాబట్టి ఇప్పటి నుంచే ఒక నోట్‌బుక్‌లో నిద్ర ఎంత పట్టింది, తిన్నావా, స్నానం చేయాలనిపించిందా, మాత్ర తప్పిందా, నెలసరి ఎప్పుడు అని రోజుకో లైను రాయి.

స్ట్రిప్పుకి రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకో. కత్తెరతో కోసిచ్చే ముక్క మీద ఒక్కోసారి మందు పేరూ ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉండదు. పూర్తి స్ట్రిప్పు ఇమ్మని అడుగు. షాపువాళ్లు కంపెనీ మార్చి ఇచ్చి ఉంటే, ఏ నెలలో మార్చారో బిల్లు చూసి చెప్పు.

ఇక డాక్టరు ఏం చేస్తారంటే, మోతాదుకి ఇంకా చోటు ఉంటే పెంచుతారు. లేదా మందు మారుస్తారు. లేదా దీనికి తోడు ఇంకోటి కలుపుతారు: మిర్టాజపిన్, బుప్రోపియాన్, లిథియం, కొద్ది మోతాదులో అరిపిప్రజోల్. అరిపిప్రజోల్ డబ్బాలోని కాగితం చదివి "ఇది స్కిజోఫ్రెనియా మందు, నాకెందుకు రాశారు" అని కంగారుపడి వచ్చేవాళ్లు ఉంటారు. డిప్రెషన్ మందుకి తోడుగా కూడా దాన్ని రాస్తారు, భయపడకు. ఏ మార్పు చేసినా ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. డిప్రెషన్ మందుల మీద అమెరికాలో సుమారు 4,000 మందితో చేసిన పెద్ద పరిశోధన ఒకటి 2006లో వచ్చింది. మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నవాళ్లు దాదాపు మూడోవంతే. మిగిలినవాళ్లకు మందు మారిస్తేనో, ఇంకోటి కలిపితేనో వాళ్లలో సుమారు నాలుగోవంతు మంది తేరుకున్నారు. అంటే రెండో మెట్టు, మూడో మెట్టు ఎక్కాల్సి రావడం మామూలు సంగతే.

మాటలతో చేసే చికిత్స, సీబీటీ అంటారే, అదీ అడుగు. మాత్రతో కలిపి చేస్తే ఒక్క మాత్రకన్నా మేలు. డబ్బు సంగతి నాకొదిలేయ్. అమ్మమ్మ దిష్టి అంటుంది, పెళ్లి చేస్తే సర్దుకుంటుందంటుంది. ఆవిడకి నేను చెప్పుకుంటాను, నువ్వు జవాబు చెప్పక్కర్లేదు.

ఇది జాగ్రత్తగా చదువు. మోతాదు మార్చిన మొదటి వారాల్లో పాతికేళ్ల లోపు వాళ్లకు చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది, నీకింకా ఇరవై మూడే. అలాంటి ఆలోచన లేశమాత్రం వచ్చినా ఒంటరిగా ఉండకు. రూమ్మేట్‌ని లేపు. నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. నాతో చెప్పలేననిపిస్తే 14416కి చెయ్యి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడతారు. మరీ ఆపుకోలేని స్థితి వస్తే దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపో. ఎవరేమనుకుంటారో అని ఆగొద్దు. నువ్వు మాకు కావాలి, అమ్ములూ.

అపాయింట్‌మెంట్ ఏ రోజు దొరికిందో మెసేజ్ పెట్టు, వచ్చే నెలకి వాయిదా వేయకు. షాపు మీ బాబాయి చూసుకుంటాడు. నేను ముందు రోజు రాత్రి రాజమండ్రిలో గౌతమి రైలు ఎక్కేస్తాను. లోపలికి నన్ను రమ్మంటే వస్తాను, వద్దంటే బయట కూర్చుంటాను. అమ్మ నీకు ఇష్టమని సున్నుండలు చేస్తోంది, అవీ తెస్తాను.

మీ నాన్న