నీ ఆప్షన్ల జాబితా చూశాక

కర్నూలు,
జూన్ నెలాఖరు

అమ్మలూ,

ఎకనామిక్స్ డిగ్రీకి నువ్వు వాట్సాప్‌లో పంపిన కాలేజీల జాబితా చూశాను. ఫోన్లో మాట్లాడుకుందామంటే రెండో నిమిషానికే నీకు కోపం వస్తుంది, మీ నాయనకు బీపీ వస్తుంది. మధ్యలో చిన్నమ్మ పక్కనుంచి ఒక మాట వేస్తే అసలు సంగతి ఎటో పోతుంది. అందుకే రాస్తున్నా. సగం చదివి ఫోన్ చేయొద్దు, మొత్తం చదువు.

జాబితా అంతా ర్యాంకుల ప్రకారం పేర్చావు. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో 2023 దాకా కాలేజీల్లో మిరాండా హౌస్ మొదట ఉండేది, 2024లో హిందూ కాలేజీ వచ్చింది, కాబట్టి నువ్వూ హిందూను పైకి జరిపావు. ఆ ర్యాంకు కాలేజీ మొత్తానికి ఇచ్చేది. అందులో ఫిజిక్సూ ఉంటుంది, సంస్కృతమూ ఉంటుంది. ఎకనామిక్స్ ఎక్కడ బాగా చెబుతారో అది చెప్పదు. పైగా ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీలన్నిటికీ ఎకనామిక్స్ ఆనర్స్ సిలబస్ ఒకటే, సెమిస్టర్ పేపరూ ఒకటే. శ్రీరామ్ కాలేజీ పిల్ల రాసేదీ, ఎవరికీ పేరు తెలియని కాలేజీ పిల్ల రాసేదీ అదే ప్రశ్నపత్రం. అలాగని కాలేజీల మధ్య తేడా లేదనను. పక్కన కూర్చునే పిల్లలు ఎలాంటివాళ్లు, అయ్యవార్లు క్లాసుకు వస్తారా, హాస్టల్ ఉందా, ఉద్యోగాలిచ్చే కంపెనీలు గేటు దాకా వస్తాయా, ఇవన్నీ తేడాలే. మొదటి ఐదారు కాలేజీలకూ చివరి ఐదారుకూ మధ్య ఈ తేడా బాగా కనబడుతుంది. కానీ నువ్వు ఏడుస్తున్నది మూడో స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య. దానికి ఏడుపు అక్కర్లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఢిల్లీ యూనివర్సిటీలో సీటు కేటాయింపు మన ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల లాంటిదే. నీ స్కోరుకు దొరికేవాటిలో నీ వరసలో అన్నిటికన్నా పైనున్నది ఇస్తారు. ‘ఇది మనకెక్కడ వస్తుందిలే’ అని ఇష్టమైనదాన్ని కిందికి తోశావంటే, వచ్చే సీటును చేతులారా వదులుకున్నట్టే. సీటు వచ్చాక గడువులోపల ఒప్పుకోవాలి, లేకుంటే పోతుంది. ఒప్పుకున్నాక అప్‌గ్రేడ్ అడగొచ్చు, కానీ పైది వచ్చిందంటే కిందిది రద్దు. రెండూ చేతిలో పెట్టుకుని నిదానంగా ఆలోచిస్తానంటే కుదరదు. ఆలోచించాల్సింది ఇప్పుడే.

అసలు నీకీ ఎకనామిక్స్ పిచ్చి ఎక్కడ పట్టుకుందో నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో ఉండగా సెలవురోజు నాతోపాటు ఓర్వకల్లు దగ్గర ఒక ఊరికి ఆడవాళ్ల పొదుపు సంఘం మీటింగ్‌కు వచ్చావు. రామాలయం అరుగు మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు, మధ్యలో పాస్‌బుక్కులు, పొదుపు డబ్బుల డబ్బా. ఒకామె గేదె కొనడానికి యాభై వేలు అడిగింది. ఆమె పాత అప్పులో రెండు కంతులు ఆగి ఉన్నాయి. ఎవరూ నోరు విప్పలేదు. ఒకామె కొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది, ఇంకొకామె చంటిదాని తల నిమురుతూ పక్కకు చూసింది. చివరకు ఆమె వదిన ‘నేను పూచీ’ అని తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టింది. బస్సులో వస్తూ అడిగావు: “అమ్మా, బ్యాంకు ఒక్కామెకు ఇవ్వని అప్పు పదిమందికి కలిపి ఎందుకిస్తుంది? ఆ పదిమంది దగ్గరా డబ్బుల్లేవు కదా?” రికవరీ బాగుంటుంది అన్నాను. నీకు ఆ జవాబు చాల్లేదు. కర్నూలు బస్టాండ్ వచ్చేదాకా సతాయించావు.

నువ్వు జాబితా పంపాక ఆ ప్రశ్న పట్టుకుని నేనూ కొంత చదివాను. అప్పు తీసుకునేవాడికి తన సంగతి తెలుసు, ఇచ్చేవాడికి తెలియదు. ఈ తేడా వల్ల బజారు ఎట్లా దెబ్బతింటుందో తేల్చినందుకే 2001లో అకెర్లాఫ్, స్పెన్స్, స్టిగ్లిట్జ్ అనే ముగ్గురికి నోబెల్ ఇచ్చారట. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ ఎందుకు నడుస్తుందో, వదినకు తెలిసింది బ్యాంకు మేనేజర్‌కు ఎందుకు తెలియదో, అంతా అందులోనే ఉంది. 2019లో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో వాళ్లయితే మన హైదరాబాద్ బస్తీల్లోనే చిన్న అప్పుల మీద పరిశోధన చేశారు. 2010లో ఆ చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల గొడవ ముదిరి, వాటిని కట్టడి చేసే ఆర్డినెన్స్ వచ్చినప్పుడు మేము ఊళ్లలో ఏం చూశామో అది వేరే ఉత్తరం.

ఇదంతా ఎందుకంటే, ఆ అరుగు మీది ప్రశ్నకు యూనివర్సిటీలో జవాబు కథలా చెప్పరు, లెక్కలా చెబుతారు. ఢిల్లీ ఎకనామిక్స్ ఆనర్స్ మొదటి సెమిస్టర్‌లో ప్రధానమైన పేపర్లు మూడు: మైక్రో ఎకనామిక్స్, లెక్కలు, స్టాటిస్టిక్స్. మూడింట్లో రెండు లెక్కలే. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీలో లెక్కలు రాయకపోతే అక్కడ ఆ కోర్సుకు పనికిరారన్నది నీకు తెలుసు, నువ్వు రాశావు. నీకు పడనిది ఫిజిక్సు, లెక్కలు కాదు. ఎంపీసీ వద్దని ఎంఈసీ తీసుకున్నప్పుడు బంధువులంతా నీకు లెక్కలు రావనుకున్నారు, అనుకోనీ. దానివల్ల ఐఐటీ కాన్పూర్, బిట్స్ లాంటి చోట్ల ఉన్న ఎకనామిక్స్ కోర్సులు మనకు అందవు, వాటికి ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. పోతే పోనీ. కానీ మిగిలిన ఏ యూనివర్సిటీ చూసినా సిలబస్ తెరిచి మొదటి రెండేళ్లలో లెక్కలు, స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ ఎంత ఉన్నాయో చూడు. అవి పల్చగా ఉన్న చోటికి భవనాలు ఎంత బాగున్నా పోవద్దు.

ఇప్పుడు నా అసలు మాట. ఇంజినీరింగ్‌లో బీటెక్‌తో బతుకు మొదలవుతుంది. ఎకనామిక్స్‌లో డిగ్రీతో ఆగేవాళ్లూ ఉన్నారు, కన్సల్టింగ్ కంపెనీలూ బ్యాంకులూ తీసుకుంటాయి. నువ్వు చెప్పే కోరికలు అవి కావు కదా. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ అన్నావు, దానికి యూపీఎస్సీ పీజీ అడుగుతుంది. రిజర్వ్ బ్యాంకు పరిశోధన విభాగం అన్నావు, అక్కడా ఎంఏ కావాలి. అంటే నీది రెండు మజిలీల ప్రయాణం. నిన్ను చివరికి అడిగేది రెండో మజిలీ గురించి. మొదటి మజిలీ చేయాల్సింది రెండోదానికి నిన్ను తయారు చేయడం, మన చేతిలో డబ్బు మిగల్చడం.

మీ మామ ‘ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేర్పిద్దాం’ అని నాలుగుసార్లు అన్నాడు. 1949లో వి.కె.ఆర్.వి. రావు పెట్టిన బడి అది, అమర్త్యసేన్, మన్మోహన్ సింగ్ పాఠాలు చెప్పిన చోటు. కానీ అక్కడ ఎకనామిక్స్‌లో డిగ్రీ లేదు, ఎంఏ నుంచే. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎకనామిక్స్ కూడా ఎంఎస్ నుంచే, ప్రవేశ పరీక్షలో ఒక పేపర్ మొత్తం లెక్కలే. మూడేళ్ల తర్వాత నువ్వు తలుపు తట్టాల్సినవి ఇవి.

మన వాళ్లనే చూడు. రిజర్వ్ బ్యాంకుకు వరసగా ఇద్దరు తెలుగు గవర్నర్లు వచ్చారు. 2003 నుంచి 2008 దాకా వై.వి. రెడ్డి గారు, పుట్టింది కడప జిల్లా పాటూరులో. ఎంఏ మద్రాసు యూనివర్సిటీ, పీహెచ్‌డీ ఉస్మానియా. ఆయన తర్వాత దువ్వూరి సుబ్బారావు గారు, ఆయన ముందు చదివింది ఐఐటీలో ఫిజిక్స్. ఎకనామిక్స్ మాత్రం ఆ తర్వాత అమెరికాలోని ఒహాయోలో చదివి, ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. ఇద్దరూ ఐఏఎస్ మీదుగా వచ్చినవాళ్లే, కాబట్టి అందరికీ అదే దారి అనను. కానీ పదిహేడేళ్లకు ఏ గేటులోంచి లోపలికి పోయామన్నదాంతో అంతా తేలిపోతుందని నువ్వు పడుతున్న టెన్షన్‌కు వీళ్లిద్దరూ సాక్ష్యం చెప్పరు.

డబ్బు సంగతి. నేను రోజూ అప్పుల పుస్తకాలే చూస్తాను, కాబట్టి ఇది నా దగ్గర వినాల్సిందే. ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజూ హాస్టలూ కలిపి డిగ్రీకి పది లక్షలు అప్పు చేశామనుకో. నూటికి పది శాతం వడ్డీ అంటే ఏడాదికి లక్ష. మన ఊరి లెక్కలో నెలకు నూటికి 83 పైసలు, చవకే అనిపిస్తుంది. కానీ చదువు అయిపోయి ఇంకో ఏడాది దాకా కంతు కట్టనక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. అప్పటికి నువ్వు ఎంఏలో ఉంటావు, అంటే ఇంకో అప్పు. 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకం వచ్చింది. కేంద్రం జాబితాలోని విద్యాసంస్థల్లో సీటు వస్తే తనఖా, పూచీ లేకుండా అప్పిస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, 10 లక్షల దాకా అప్పు మీద చదువుకునే కాలానికీ, ఆ పై ఏడాదికీ వడ్డీలో 3 శాతం కేంద్రం భరిస్తుంది. చాలా ప్రభుత్వ బ్యాంకులు ఆడపిల్లలకు అర శాతం తగ్గిస్తాయి కూడా. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ఇప్పుడే వాడేయొద్దంటున్నా. ఆ అప్పు రెండో మజిలీకి దాచుకుందాం. మీ నాయన మోటార్ వైండింగ్ షాపు ఎండాకాలం బాగా నడుస్తుంది, వానలు బాగా పడ్డ ఏడు అంతంతమాత్రమే. దాని మీద పెద్ద కంతులు కట్టలేం.

అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ మాత్రం ఉంచు. బెంగళూరు మనకు దూరం కాదు, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు, పిల్లల్ని ఊళ్లలోకి పంపి పని చేయిస్తారని విన్నప్పుడు నీ మొహం నేను చూశాను. స్కాలర్‌షిప్ ఎంతో కాగితం మీద వచ్చాకే మాట్లాడదాం. పుణె గోఖలే ఇన్‌స్టిట్యూట్ 1930 నాటిది, పేరున్నదే, కానీ డిగ్రీకి నాకంత ఆశ లేదు. లండన్ మాట తర్వాత. అంబేడ్కర్ గారు 1923లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా పొందిన చోటు కాబట్టి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మీద నాకూ గౌరవమే. ఆక్స్‌ఫర్డ్‌లో ఒట్టి ఎకనామిక్స్ డిగ్రీ లేనే లేదు, ఫిలాసఫీతోనో మేనేజ్‌మెంట్‌తోనో చరిత్రతోనో కలిపి చదవాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటికీ ఒకే ఏడాది అప్లై చేయనీయరు, దాని గడువూ ముందటేడు అక్టోబరులోనే అయిపోతుంది. మామకు ఇది చెప్పు, ఫోన్ పెట్టేస్తాడు.

ఇక ఢిల్లీనా, హైదరాబాదా. మీ నాయన హైదరాబాద్ అంటాడు, మీ జేజి అయితే కర్నూలు దాటితే పరదేశమే అంటుంది. సెంట్రల్ యూనివర్సిటీని తక్కువ చేయొద్దు. తెలంగాణ, జై ఆంధ్ర అని మనవాళ్లు పడిన గొడవలు సర్దడానికి పెట్టిన ఆరు సూత్రాల పథకం కింద 1974లో వచ్చింది, ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఉంది, సీయూఈటీ స్కోరే చాలు, ఫీజు తక్కువ. ఎంఏ సీటు కోసం మళ్లీ పరుగెత్తనక్కర్లేదు, మధ్యలో డిగ్రీతో బయటికి రావాలన్నా రావచ్చు. నాకు నచ్చనిది ఒక్కటే. ఐదేళ్లు ఒకే చోట, ఆదివారం వస్తే చిన్నమ్మ ఇల్లు, పండగొస్తే కర్నూలు బస్సు. నీకు అది హాయిగా ఉంటుంది, అందుకే నచ్చలేదు. నీకు హిందీ రాదు, నలుగురిలో లేచి ప్రశ్న అడగాలంటే భయం. ఢిల్లీలో ఆ రెండూ తప్పించుకోలేవు.

అందుకని నా వరస ఇది. ఢిల్లీలో హాస్టల్ ఉన్న మంచి కాలేజీలు పైన: శ్రీరామ్, హిందూ, మిరాండా, లేడీ శ్రీరామ్, స్టీఫెన్స్ నీకు నచ్చిన క్రమంలో. ఆ తర్వాత హైదరాబాద్. ఢిల్లీలో హాస్టల్ లేని కాలేజీ ఏదైనా సరే హైదరాబాద్ కిందే ఉండాలి. అక్కడ కాలేజీ ఫీజు కంటే విజయనగర్‌లో, కమలా నగర్‌లో పేయింగ్ గెస్ట్ హాస్టల్ అద్దే ఎక్కువ, ఆ డబ్బుకు దక్కేది ఒక మంచం, ఒక బీరువా. మంచి కాలేజీల్లోనూ హాస్టల్ సీట్లు తక్కువే, అది వేరే అప్లికేషన్, కాలేజీ సీటు వచ్చిన రోజే పెట్టాలి. నాయనను నేను ఒప్పిస్తా. కర్నూలు మీదుగా సంపర్క్ క్రాంతి పోతుంది కదా, ఎక్కిస్తే నేరుగా ఢిల్లీలోనే దిగుతుంది అని చెప్పా. ఇంకా ఏమీ అనలేదు, అంటే సగం ఒప్పుకున్నట్టే.

సర్టిఫికెట్ సంగతి మర్చిపోయేదాన్ని. మన రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి, అదీ ఈ ఏడాది మార్చి 31 తర్వాత ఇచ్చినదై ఉండాలి. సచివాలయంలో అప్లికేషన్ పెట్టాను, తహసీల్దార్ సంతకం ఒక్కటే మిగిలింది. అందులో నీ పేరు స్పెల్లింగ్ టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉందో లేదో చూడాలి, నీ మెమో ఫొటో ఒకటి స్పష్టంగా తీసి పంపు. కొత్త జాబితా కూడా శుక్రవారం లోపల పంపు. నా వరస నచ్చకపోతే మార్చు, కానీ ఎందుకు మార్చావో పక్కన ఒక్క ముక్క రాయి. చిన్నమ్మ చేత రాయించొద్దు.

మీ అమ్మ