కొట్లాట ఫొటోలు చాలు, ఆ కరచాలనం ఫొటో వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ క్రీడల పేజీలో ఐస్ హాకీ గురించి ఎప్పుడో ఒకసారి గానీ రాదు. వచ్చినప్పుడల్లా గ్లోవ్స్ విసిరేసి కొట్టుకుంటున్న ఆటగాళ్ల ఫొటోనే. దాని కింద ‘చిరకాల ప్రత్యర్థులు’ అని రెండు ముక్కలు. ఆ వైరం ఎక్కడ మొదలైందో ఒక్క వాక్యం కూడా ఉండదు.

నేను ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే బోస్టన్ బ్రూయిన్స్ జట్టు అభిమానిని. కాబట్టి మా ప్రత్యర్థులు మాంట్రియల్ కెనేడియన్స్ గురించి నేను చెప్పేది కాస్త తగ్గించుకునే వినండి. 1946 నుంచి 1987 దాకా ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే నాకౌట్ పోటీల్లో, ఈ రెండు జట్లు 18 సిరీస్‌లు ఆడితే, పద్దెనిమిదీ వాళ్లే గెలిచారు. 1988లో గానీ మాకు ఆ శని వదల్లేదు.

వాటిలో 1979 మే 10 నాటి మ్యాచ్ ఒక్కటి చెబుతాను. మాంట్రియల్‌లో సెమీఫైనల్ సిరీస్‌ని తేల్చే ఏడో మ్యాచ్. ఇంకో నాలుగు నిమిషాల ఆట ఉందనగా మేం 4-3తో ముందుకొచ్చాం. గోలీతో (గోల్‌కీపర్‌తో) కలిపి ఒక్కో జట్టుకి ఆరుగురే మంచు మీద ఉండాలి. బెంచ్ నుంచి ఆటగాళ్లు మారే హడావిడిలో మావాళ్లు ఆ లెక్క తప్పారు. పెనాల్టీ పడి, ఒక మనిషి తక్కువతో ఆడాల్సి వచ్చింది. ఇంకా 74 సెకన్లు ఉండగా మాంట్రియల్ ఆటగాడు గీ లఫ్లూర్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో ఇవాన్ లాంబర్ట్ కొట్టిన గోల్‌తో మా కథ ముగిసింది. ఆ వీడియో చాలాసార్లు చూశాను. లఫ్లూర్ జట్టువాడే అయిన లమేర్ పక్‌ని (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లని) వెనక్కి, లఫ్లూర్ కోసం వదులుతాడు చూడండి, సరిగ్గా అక్కడ ఆపేస్తాను. ఆపినంతసేపూ 4-3తో మేమే ముందున్నాం!

కొట్లాటలు లేవని నేను అనడం లేదు. 1996 ప్లేఆఫ్స్‌లో కొలరాడో ఆటగాడు క్లాడ్ లెమ్యూ, డెట్రాయిట్‌కి చెందిన క్రిస్ డ్రేపర్‌ని వెనక నుంచి గోడకేసి గుద్దాడు. డ్రేపర్ దవడ విరిగింది. 1997 మార్చి 26న డెట్రాయిట్‌లో, ఆ జట్టు ఆటగాడు డారెన్ మెకార్టీ లెమ్యూని కొట్టి ఆ బాకీ తీర్చాడు. చివరికి గోలీలు కూడా రింక్ మధ్యకొచ్చి కొట్టుకున్నారు. మీరు పదేపదే వేసేది ఇలాంటి ఫొటోలే. ఆ రాత్రి ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కొట్టింది కూడా మెకార్టీనే అన్న సంగతి మాత్రం ఎక్కడా రాయరు. వైరం నిలబడేది దెబ్బల వల్లే అయితే ఈ రెండు జట్లూ ఈపాటికి రగిలిపోతూ ఉండాలి కదా? లీగ్‌లో ఈస్ట్, వెస్ట్ అని రెండు విభాగాలు; 2013లో డెట్రాయిట్‌ని ఈస్ట్‌కి మార్చారు. కొలరాడో వెస్ట్‌లోనే ఉండిపోయింది. ఇక రెండు విభాగాల విజేతలు తలపడే స్టాన్లీ కప్ ఫైనల్‌కి ఇద్దరూ వస్తే తప్ప ప్లేఆఫ్స్‌లో ఎదురుపడరు. పాత వేడి ఎప్పుడో చల్లారిపోయింది. ఏటేటా అదే జట్టు చేతిలో ఓడి, మళ్లీ అదే జట్టు ఎదురొస్తేనే పగ పెరుగుతుంది. మా అనుభవం అదే.

ఇంకో సంగతి. సిరీస్ అయిపోగానే రెండు జట్లూ వరసలో నిలబడి ఒక్కొక్కరితో చేతులు కలుపుతాయి. పళ్లు రాలిన వాళ్లు కూడా వచ్చి నిలబడాల్సిందే. మీ ఫొటోల్లో ఆ వరస నాకు ఇంతవరకూ కనబడలేదు.

1952 ఏప్రిల్ 8న, మళ్లీ మాంట్రియల్‌లోనే, మళ్లీ మాతోనే సెమీఫైనల్ ఏడో మ్యాచ్. మాంట్రియల్ ఆటగాడు మోరిస్ రిచర్డ్ దెబ్బ తగిలి స్పృహ తప్పాడు. కుట్లు వేయించుకుని తిరిగొచ్చి గెలుపు గోల్ కొట్టాడు. ఆట అయ్యాక తీసిన ఫొటోలో అతని కంటిపైన కట్టు, మొహం మీద రక్తం. ఎదురుగా మా గోలీ జిమ్ హెన్రీ, దెబ్బలకు కమిలిన కళ్లతో, తల వంచి అతనికి చెయ్యి అందిస్తున్నాడు.

వచ్చే ప్లేఆఫ్స్‌కి ఆ ఫొటో వేయండి. అందులో ఓడినవాడు మావాడే అయినా పర్లేదు.

ఇట్లు,
బ్రూయిన్స్ అభిమాని