వెరావల్‌లోనే ఉన్నాడనుకుంటున్న అప్పన్నకు

చిరంజీవి అప్పన్నకు నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నీవూ క్షేమమని తలుస్తాను. తలచుకోవడమే గాని తెలిసే దారి లేదు. మొన్నటి దాకా నీ ఫోను మోగి మోగి ఆగిపోయేది, ఇప్పుడు అదీ లేదు. అందుబాటులో లేరని ఎవరో అమ్మాయి హిందీలో చెబుతోంది. సముద్రం మీద ఉన్నవాడికి సిగ్నల్ ఎక్కడిదని మీ అమ్మకు నేనే సర్దిచెప్పాను. కాబట్టి ఈ ఉత్తరం ఫోను గురించి కాదు. నూకరాజు చిన్నాన్న అల్లుడు మళ్ళీ గుజరాత్‌కు, మీ వెరావల్ రేవుకే రైలెక్కుతున్నాడు, వట్టి చేతులతో ఎందుకు పంపాలని నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు సముద్రం సంగతి. ఫాల్గుణం వచ్చేసరికి ఈశాన్యపు గాలి పూర్తిగా పడిపోయింది. వేకువన ఒడ్డు నుంచి సన్నటి నేలగాలి, తొమ్మిదింటి దాకా నీటి మీద అలికిడి ఉండదు. పొద్దు నడినెత్తికి వచ్చిందంటే నైరుతి గాలి ఊపందుకుని కెరటం లేస్తుంది. అందుకే అందరూ మూడింటికే పడవలు దించి, పదకొండు లోపల ఒడ్డున పడుతున్నారు. నీటి లాగు కూడా తిరిగింది. దీపావళి నాడు వల వేస్తే దక్షిణాన భీమిలి వైపు ఈడ్చుకుపోయిన నీళ్ళే ఇప్పుడు ఉత్తరాన బారువ వైపు ఈడుస్తున్నాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ లాగుకు ఉండే బలం నీకు తెలియనిది కాదు.

మొన్న ఎర్రయ్యతో పాటు నేనూ వెళ్ళాను. వెళ్ళవద్దని మీ అమ్మ రాద్ధాంతం చేసింది. మోకాలు బాగానే ఉంది, అడగకముందే చెబుతున్నాను. కళింగపట్నం లైట్‌హౌసు వేలెడంత కనబడే దూరంలో వల దించుతుంటే చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో మునిగింది. వీపు మీద ఎండ మాడ్చేస్తోంది, నీళ్ళేమో బావినీళ్ళంత చల్లగా ఉన్నాయి. నీలం రంగు పోయి పచ్చగా తిరిగాయి. వల పైకి తీస్తే కన్నుకన్నుకూ జిగురు. నైరుతి గాలి ఒడ్డు వెంబడి నాలుగు రోజులు పట్టి వీచిందంటే పైనీళ్ళు లోసముద్రానికి తప్పుకుంటాయి, వాటి చోటికి అడుగునుంచి చల్లనీళ్ళు వస్తాయి. వాటితో మేత, మేత కోసం కవ్వళ్ళు, కానాగంతలు, వాటిని తరుముతూ వంజరం. 1950లలో లాఫాండ్ అనే అమెరికా ఆచార్యుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, విశాఖ తీరంలో నీళ్ళ వేడి కొలిచి ఈ సంగతే పుస్తకాలకు ఎక్కించాడు. మీ తాత మోచేతితో కొలిచేవాడు. ఇప్పుడు ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్ళు ఉపగ్రహం నుంచి నీటి వేడి, పచ్చదనం చూసి, ఏ దిక్కున ఎంత దూరంలో చేప దొరకవచ్చో చెబుతున్నారు. సముద్రమన్నది లేని హైదరాబాదులో కూర్చుని! అయినా ఎర్రయ్య కొడుకు అది ఫోనులో చూడనిదే ఇంజను తిప్పడు, చాలాసార్లు నిజమే అవుతోంది కూడా. కవ్వళ్ళు గంపలు గంపలుగా పడుతున్నాయి, కొనే నాథుడు లేడు. వంజరం ఒకటీ అరా.

మరి అక్కడ ఎలా ఉంది? నేనూ ఆ రేవులో ఉప్పు తిన్నవాడినే. చలికాలమంతా ఉత్తరపు పొడిగాలికి అక్కడి నీళ్ళు చల్లబడి, అడుగు నీళ్ళతో కలిసి, చేప దండిగా ఉంటుంది. ఎండలు ముదిరేసరికి పైనీళ్ళు వేడెక్కి చేప చెదిరిపోతుంది, లోతుకు దిగుతుంది. అప్పుడు బోటు యజమాని సేఠ్‌కు డీజిలు ఖర్చు గుర్తొస్తుంది, బోటు నడిపే తండేలుకు తన పరువు గుర్తొస్తుంది. ఇంకాస్త దూరం, ఇంకాస్త పడమరకు అంటూ పోతారు. పడమర అని ఎందుకు అన్నానంటే, టీకొట్టు దగ్గర ఒక మాట చెవిన పడింది. నేను నమ్మలేదు. దాని సంగతి తరవాత.

గౌరికి పైపన్ను వచ్చింది. ఎవరు ఎత్తుకున్నా ముందు వాళ్ళ వేలు కొరికి చూస్తోంది. పార్వతి పొద్దున్నే లేచి ఒడ్డుకు వచ్చి వేలంలో గంప కడుతోంది, ఎవరు వద్దన్నా వినదు. నీ సంగతి అడిగితే ‘బాగానే ఉన్నారు మావయ్యా’ అంటుంది, కళ్ళు మాత్రం ఎటో చూస్తుంది. నీతో మాట్లాడిందా, మాట్లాడలేదా, నేను అడగలేదు. కోడలిని ఆరా తీయడం నాకు చేతకాదు. ఆకుపాక కప్పు మార్చాం. ఒడ్డున చచ్చిన తాబేళ్ళు ఈసారీ కొట్టుకొచ్చాయి, చూస్తే కడుపు తరుక్కుపోయింది. పిల్లలు మాత్రం గుడ్లు పెట్టిన చోట కర్రలు పాతి కాపలా కాస్తున్నారు.

సరే, ఆ మాట. నీవు వెరావల్ బోటు వదిలేసి ఓఖాలో ఎవరిదో బోటెక్కావని, ఆ బోటు పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి జఖౌ దాటి పోతుందని, కచిడి చేప కోసమని. అక్కడ ఘోల్ అంటారు కదా. 2023లో గుజరాత్ వాళ్ళు దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించారట. ప్రకటించుకోనీ, మనకేమిటి? ఒక్క చేపకు లక్షలు పలికిందని పేపర్లలో వస్తుంది, పడని వాళ్ళ సంగతి ఏ పేపరూ రాయదు.

మీ పెదనాన్న కథ నీకు సగమే తెలుసు. నీవు పుట్టకముందు, ఇలాంటి చైత్రంలోనే, నేనూ అన్నయ్యా లింగరాజు బావా తెరచాప తెప్ప మీద వెళ్ళాం. వల తీస్తుంటే లోపలి నుంచి గుర్రు, గుర్రుమని కూత. బావ వల వదిలేసి దండం పెట్టాడు. అన్నయ్య భయపడకుండా లాగాడు. నా నడుము దాకా వచ్చే చేప, పొలుసు రాగి రంగు. ఒడ్డుకు తెస్తే కలకత్తా వ్యాపారి ఒకడు బేరం ఆడకుండా డబ్బు చేతిలో పెట్టాడు. బేరం ఆడని వ్యాపారిని నేను అంతకుముందు చూడలేదు. అక్కడే ఇసుకలో కూర్చుని అతని మనిషి చేప పొట్ట చీల్చాడు. గాలితిత్తి ఒక్కటీ బయటికి తీసి, ఉప్పునీళ్ళతో రెండుసార్లు కడిగి, తడిగుడ్డలో పసిపిల్లకు చుట్టినంత జాగ్రత్తగా చుట్టాడు. మాంసం మీరే వండుకోండని మాకే వదిలేసి వెళ్ళిపోయారు. ఆ రాత్రి వీధి అంతా తిన్నారు. అన్నయ్య మాత్రం ముద్ద దిగక ఇసుకలో ఆ తడి మరక చూస్తూ కూర్చున్నాడు.

అంతే, ఇక కవ్వళ్ళు కంటికి ఆనలేదు. ప్రతి చైత్రమూ లోతు నీళ్ళు, పెద్దకన్ను వల, కచిడి. దాని కోసం అప్పు, ఆ అప్పు తీర్చడానికి మరో అప్పు. ఒకరోజు మధ్యాహ్నం వాయవ్యాన నల్లగా కమ్మింది. చైత్ర వైశాఖాల్లో ఆ దిక్కున మబ్బు లేస్తే ఎంతసేపు పడుతుందో నీకు చెప్పాలా? అందరం తెరచాపలు దించి ఒడ్డు పట్టాం. అన్నయ్య ఇంకొక్క వల అన్నాడు. ఈదురుగాలి వచ్చి పోయాక చూస్తే సముద్రం మీద తెప్ప లేదు. మీ నానమ్మ ఏడవలేదు, పొయ్యి మాత్రం వెలిగించలేదు. నీటి లాగు ఉత్తరానికి కదా అని నేనూ బావా ఒడ్డు వెంట నడుచుకుంటూ పోయాం. భావనపాడు దాటి బారువ చేరితే, గుడి మెట్ల మీద ఎవరో ఇచ్చిన పంచె కట్టుకుని కూర్చుని ఉన్నాడు. వల లేదు, తెప్ప సగం లేదు. మమ్మల్ని చూసి అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? ‘కూత విన్నానురా’ అన్నాడు. మీ పెద్దమ్మ మెడలో ఈనాటికీ పసుపుతాడే.

పెదనాన్న గాలికి కొట్టుకుపోయినా బారువలో తేలాడు, అది మన నేల. నీ దగ్గర అలా కాదు. సముద్రం మీద గీత ఎవరూ గీయరు. మనకు ఆటుపోట్ల తేడా మీటరున్నర. కచ్ సింధుశాఖలో కాండ్లా దగ్గర ఆరు మీటర్ల దాకా ఉంటుంది. అంత నీరు లోపలికీ బయటికీ పరిగెత్తే చోట రాత్రి ఇంజను ఆపి అందరూ నిద్రపోతే తెల్లారేసరికి ఎక్కడ తేలతారు? అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మరీనూ. 2018 నవంబరులో మన జిల్లా పిల్లలను పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుంటే, వాఘా దగ్గర వదిలేసరికి 2020 జనవరి వచ్చింది. వాళ్ళెవరూ కావాలని దాటిపోయినవాళ్ళు కాదు. జీపీఎస్ తండేలు గదిలోనే ఉంటుంది, నీవు వలతాడు దగ్గర ఉంటావు. అయినా అడుగు, ఎక్కడున్నామని రోజూ అడుగు. అడిగితే తిడతాడు, తిట్టనీ. నీకు తెలియదని కాదు, నీతులు చెప్పకూడదనే కూర్చున్నాను, ఏదో కలం అలా నడిచింది.

ఇంకొకటి. ఇక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అక్కడ మే ఆఖరు దాకా వేట ఉంటుంది కనుక ఇంకా నెలన్నర సంపాదించవచ్చని నీ లెక్క, నాకు తెలుసు. నిషేధం రోజులకు 2025లో ఇంటికి 20 వేలు ఇచ్చారు. పేర్లు రాసుకోవడానికి వచ్చినప్పుడు మనిషి కనబడాలి. వలలు బాగుచేయడానికి కూడా చేతులు తక్కువగా ఉన్నాయి, నా కళ్ళకు సూది కనబడదు. ఈ పనుల కోసమే రమ్మంటున్నాను, ఇంకేమీ కాదు.

డబ్బాలో మీ అమ్మ ఎండు నెత్తళ్ళు, చింతకాయ పచ్చడి పెట్టింది. పచ్చడి అందరికీ పంచేయకు. చేతులు తాడుకు కోసుకుంటే ఉప్పునీళ్ళతో వదిలేయవద్దు, కొబ్బరినూనె సీసా అందుకే. లైఫ్ జాకెట్‌ను తలగడగా వాడతారని విన్నాను, తలగడ వేరే కొనుక్కో, డబ్బు నేను పంపుతాను. బోటెక్కే ముందు రోజు కడుపునిండా నిద్రపో.

నూకరాజు చిన్నాన్న అల్లుడికి ఓఖా బస్సు సంగతి కూడా చెప్పి ఉంచాను, అవసరం పడదనుకో. ఉత్తరం అందగానే వాడి ఫోను నుంచే మాట్లాడు. గౌరి సంగతులు తరవాత అడగవచ్చు, ముందు నీ బోటు పేరు, తండేలు పేరు, బోటు మీద ఐఎన్‌డీ జీజే తరవాత ఉండే రిజిస్ట్రేషన్ నంబరు మొత్తం చెప్పు. అంకెలు నిదానంగా చెప్పు, మీ అమ్మ కాలెండరు మీద రాసుకుంటానంది.

మీ నాన్న